బరువాయన, ఉరుకుడాయన

నిజామాబాద్‌లో ఖలీల్‌వాడి ఆస్పత్రుల సందులో నేను చెవులు పరీక్షిస్తాను. డాక్టర్‌ను కాదు, టెక్నీషియన్‌ను. బయటి చప్పుడు లోపలికి రాని చిన్న గది ఒకటుంటుంది మాకు. వచ్చినవాళ్ళను అందులో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చి, అద్దానికి ఇవతలి నుంచి ఒక్కో కూతా వదులుతాను. వినిపిస్తే బటన్ నొక్కాలి. రైస్‌మిల్లుల్లో పనిచేసినవాళ్ళు వస్తారు, దీపావళికి చెవి పక్కన బాంబు పేలిన పిల్లలు వస్తారు, టీవీ సౌండు ఇల్లెగిరిపోయేలా పెడుతున్నాడని కోడళ్ళు పట్టుకొచ్చే మామలు వస్తారు. అందరూ ఊపిరి బిగబట్టి, వినిపించీ వినిపించని ఒక కూత కోసం కాచుకుని ఉంటారు. ఇవతల నేనూ వాళ్ళతో పాటే బిగుసుకుపోయి కూర్చుంటాను.

అందుకేనేమో, సాయంత్రం ఆస్పత్రి మెట్లు దిగేసరికి ఒంట్లో చీమలు పాకుతున్నట్టుండేది. ఆటోలో కూర్చుంటే కాళ్ళు వాటంతటవే ఊగేవి. ఇల్లు చేరే లోపల నాకు చప్పుడు కావాలి. మామూలు చప్పుడు చాలదు. గిటార్లు గోడ కూలినట్టు మీద పడాలి, వెనక డ్రమ్ములు తరుముకు రావాలి. హెవీ మెటల్ అంటారు కదా, అది.

అది నాకు అంటించింది హాస్టల్లో నా పక్క మంచం పిల్ల. పారామెడికల్ కోర్సుకు హైదరాబాద్‌లో ఉన్నప్పటి మాట. ఆమెది షిల్లాంగ్. వాళ్ళ వైపు ఇంటికో గిటారు ఉంటుందట. పరీక్షల ముందు నేను గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేక తన ఇయర్‌ఫోన్లు నా చెవుల్లో పెట్టింది. ఆ రోజు తలనొప్పి వచ్చింది. మర్నాడు నేనే అడిగి తీసుకున్నాను.

మా అమ్మకు ఇది ఎప్పటికీ అర్థం కాలేదు. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం. అవ్వ బీడీలు చుడుతుంది. ఒళ్ళో చాట, చేతిలో కత్తెర, తునికాకును ఒకే కొలతకు కత్తిరిస్తూ, వేళ్ళ మధ్య దొర్లిస్తూ, టీవీలో సీరియల్ చూస్తూ ఉంటుంది. నా చెవుల్లోంచి బయటికి కారే చప్పుడు విని ఒకసారి, రేకుల మీద కంకర పోసినట్టుంది, గదేం పాటనే అంది. అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

నాకు ఇష్టమైన గిటారిస్టు ఒకడున్నాడు. పేరు రాయను. రాస్తే ఆ పేరు మీదే ఇంకో కొట్లాట మొదలవుతుంది. మహా వేగం ఆయనది. తీగ చివరికంటా పాకి, అక్కడ సన్నటి స్వరాల మీద పిట్టలా గెంతుతాడు. పాట మధ్యలో ఆయనొక్కడే వాయించే సోలో ఒకటి యూట్యూబ్‌లో ఉంటే, కింద జనం ఇంగ్లీషులో తిట్టుకుంటున్నారు. మెటల్లో ఇది థ్రాష్ అనే రకమని కొందరు, కాదు ఉట్టి స్పీడ్ మెటల్ అని కొందరు. ఆ గోల మధ్యలో ఒక వాక్యం తెలుగు అక్షరాల్లో కనబడింది. "గిది థ్రాష్ కాదు, ఏం కాదు. ఉత్త ఉరుకుడు."

బస్టాప్‌లో నిలబడి ఉన్నానప్పుడు. గట్టిగా నవ్వేసరికి పక్కావిడ నన్ను తేరిపార చూసింది. ఆ రోజే జవాబు రాశాను, ఉరకడం రానివాళ్ళు అట్లాగే అంటారని. ఆయన వెంటనే తిరగబడ్డాడు, నెమ్మదిగా వాయించే తన గిటారిస్టును పోటీకి తెచ్చాడు. నెలల తరబడి ఆ వీడియో కింద మా ఇద్దరి వాదన సాగింది. మధ్యలో మూడో మనిషి వచ్చి చేరాడు, అతనిదీ మన తెలుగే. మీ ఇద్దరూ తప్పే, అసలు మనిషి వీళ్ళిద్దరికీ తాతలాంటివాడు, తీగను వంచి ఏడిపించిన, అమెరికా నల్లవాళ్ళ పాత బ్లూస్ పాటల ఆయన అని అతని వాదం. చివరికి తేలింది, మొదటాయన ఉండేది బోధన్‌లో, మూడో మనిషిది వర్ని. అమెరికా వీడియో కింద నిజామాబాద్ జిల్లా కూర్చుని కొట్లాడుతోందన్న మాట.

ఆదివారం వస్తే ముఖాముఖి తేల్చుకుందామని బోధన్ ఆయన రాశాడు. నా అకౌంట్‌కు పేరూ లేదు, ఫోటో లేదు. వెళ్ళాను. బోధన్ బస్టాండుకు దగ్గరలో ఆయన ఫ్లెక్సీ ప్రింటింగ్ దుకాణం. యాభై దాటిన మనిషి, నెరిసిన మీసం, తెల్ల చొక్కా జేబుకు రంగు మరక. నేను లోపలికి వెళ్ళి ఆ వీడియో కింద రాసేది నేనేనని చెప్తే, నా వెనక వాకిలి వైపు చూశాడు.

"తమ్ముడు ఏడి మరి?" అన్నాడు.

తమ్ముడు లేడు, అన్నీ రాసింది నేనే అన్నాను. కాసేపు మీసం సవరించుకుని, లోపలికి కేకేసి భార్యతో చాయ్ పెట్టించాడు. చాయ్ తాగడం పూర్తయ్యేలోపలే నన్ను చెల్లె అని పిలిచాడు, నా గిటారిస్టును తిట్టాడు కూడా. వర్ని అతను ఆ తర్వాత వచ్చాడు. ముప్ఫైకి దగ్గర పడినవాడు, ఆదివారం పొద్దున చర్చిలో గిటారు వాయించి, భుజాన గిటారు సంచీతోనే బస్సెక్కి వచ్చేవాడు. పెళ్ళిళ్ళ సీజన్లో ఆర్కెస్ట్రాలకూ వెళ్తాడు. నేను అక్కనయ్యాను.

అప్పటి నుంచి వీలైన ఆదివారమల్లా బోధన్ వెళ్ళేదాన్ని. పేర్లు పలకడం కష్టమై మేమే పేర్లు పెట్టుకున్నాం. నా వాడు ఉరుకుడాయన. వర్ని తమ్ముని మనిషి ఏడుపాయన. బోధన్ అన్నకు ఇష్టమైనవాడు బరువాయన. ఇంగ్లండ్ మనిషి, నెమ్మదిగా వాయిస్తాడు. గిటారు తీగల్ని మామూలు కంటే వదులు చేసి, కింది స్వరాల మీద ఒక ముక్కను పట్టుకుని, దాన్నే మళ్ళీ మళ్ళీ దంచుతాడు. డూమ్ మెటల్ అనేది అక్కడి నుంచే పుట్టిందంటారు.

దుకాణంలో ప్రింటు చెడిపోయిన ఫ్లెక్సీలు మూలన చుట్టి ఉండేవి. అన్న ఒకదాన్ని తిరగేసి నేల మీద పరిచేవాడు. దాని తెల్లటి వెనక భాగం మీద మార్కర్‌తో మెటల్ వంశవృక్షం గీసేవాళ్ళం. కింద బ్లూస్, దాని మీద హెవీ మెటల్, అక్కడి నుంచి కొమ్మలు. డూమ్, థ్రాష్, డెత్, బ్లాక్. ఏ కొమ్మ దేనిలోంచి మొలిచిందన్న దగ్గర గొడవ. అన్న నల్ల మార్కర్‌తో గీస్తే నేను ఎర్రదాంతో కొట్టేసేదాన్ని. కొన్నాళ్ళకు అది చెట్టులా కాక ఎవరో పిల్లలు అలిగి గీకిన గోడలా తయారైంది. మహారాష్ట్ర సరిహద్దు అవతల ధర్మాబాద్ వైపు నుంచి వచ్చే మరాఠీ గిరాకీలు తమ పెళ్ళి బ్యానర్ల కోసం నిలబడి, మమ్మల్నీ ఆ గీతల్నీ మార్చి మార్చి చూసేవాళ్ళు.

నా వాదన ఒక్కటే. అమెరికాలో పంక్ అనే దూకుడు పాటల కుర్రాళ్ళ తొందరను హెవీ గిటార్లకు జోడించినవాళ్ళు లేకపోతే థ్రాష్ లేదు, థ్రాష్ లేకపోతే డెత్ లేదు, బ్లాక్ లేదు. బరువు ఒక్కటే ఉంటే అది కదలని బండ. కదిలించింది వేగమే. నేను ఈ మాట అన్నప్పుడల్లా అన్న ఓపిగ్గా తల అడ్డంగా ఊపేవాడు. ఒకసారి మాత్రం మార్కర్ కింద పెట్టి, నా వైపు తిరిగి చెప్పాడు.

"మా బాపు శక్కర్ ఫ్యాక్టరీల మిల్ హౌజ్‌ల చేసిండు, చెల్లె. మేం క్వార్టర్ల ఉంటుంటిమి. సీజన్ల చెరుకు రోలర్ల నడుమ నలుగుతుంటె నేల వణుకుతుండె. మంచం కోడుకు చెయ్యి వెడితె తెలుస్తుండె. గా ఇంగ్లండోళ్ళు కూడ కార్ఖానాల పక్కపొంటి పుట్టినోళ్ళే. గా వణుకు ఒంట్లె ఉన్నోడే బరువు వాయిస్తడు. ఉరుకుడు ఎవడన్న నేర్చుకుంటడు."

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు నడవడం లేదు. చెరుకు వేసిన చోట చాలావరకు వరి వచ్చింది. ఆ రోజు బస్సులో, దారిలోని ఎడపల్లి దాటేదాకా లోపల్లోపల ఆయనతో వాదించుకుంటూనే ఉన్నాను.

ఆ తర్వాత కొద్ది వారాలకు ఒక బ్యానర్ పాడైంది. అన్న మాతో మాట్లాడుతూ ప్రింటర్‌కు వీపు పెట్టి కూర్చున్నాడు. వెనక మెషిన్ ఒక పెళ్ళి ఫ్లెక్సీని గీతగీతగా దింపుతోంది. ఎర్ర ఇంకు అయిపోయిందేమో, సన్నగా కీ, కీ అని అరవడం మొదలుపెట్టింది. నేను విన్నాను. తమ్ముడు విన్నాడు. అన్న మాట ఆపలేదు. తను ఆపుతాడని మేం చూస్తున్నాం. చివరికి లోపలి నుంచి ఆయన భార్య పరుగున వచ్చి స్విచ్ కట్టేసింది. అప్పటికే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఆకుపచ్చ ముఖాలతో నవ్వుతూ కిందికి దిగారు. మెషిన్ ముసల్దయింది, కూత కూడా పెడ్తలేదు అని అన్న దాన్నే తిట్టాడు. భార్య నా వైపు చూసింది.

అది నా పని కాబట్టి వెంటనే తెలిసింది. కావాలనే ఫోన్ తీసి, ఉరుకుడాయన సోలో దుకాణం స్పీకర్‌లో పెట్టి, అన్న ముఖం చూశాను. కింది స్వరాల్లో ఉన్నంతసేపు ఆయన కాలు తాళం వేసింది. సోలో పైకి ఎక్కగానే కాలు ఆగింది, కళ్ళు వాకిలి వైపు పోయాయి. ఎవరో గదిలోంచి లేచి వెళ్తే మళ్ళీ వచ్చేదాకా ఊరికే కూర్చునే మనిషిలా ఉన్నాడు. ఆ ముఖం నేను అద్దంలోంచి రోజూ చూస్తాను. పైస్వరాలు ఆయనకు వినబడటం లేదు. ఇన్ని నెలలుగా నేను ఎవరి గురించి పోట్లాడుతున్నానో, ఆ మనిషి వాయించినదాంట్లో సగం ఆయన చెవికి చేరనేలేదు.

తిరుగు బస్సు కోసం నిలబడినప్పుడు తమ్మునికి చెప్పాను. చెప్పొద్దన్నాడతను. ఆయనకున్న సంతోషమే ఈ ఆదివారాలు, ఈ మాట చెప్తే పాట మీద ఆయనకు నమ్మకం పోతుంది, మనం కూడా ఆయనకు దూరమైపోతాం అన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పేమీ కనబడలేదు. కానీ వారమంతా నాకు కుదురు లేదు. బీడీ కంపెనీలో ఏమన్నా గొడవైందా అని అడుగుతూ అవ్వకు అన్నం వడ్డించి, తనేమి చెప్పిందో వినకుండానే లేచిపోయేదాన్ని. గదిలో కూర్చున్న ప్రతి మనిషిలో అన్న కనిపించేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళకు రోజూ చెప్పే మాటను, తెలిసిన మనిషి దగ్గర దాచడం ఎట్లా? చెప్తే, వాదనలో గెలవడానికి చెప్పినట్టు కాదా?

ఆ ఆదివారం తమ్ముడు రాలేదు. దుకాణంలో గిరాకీ లేని సమయం చూసి చెప్పేశాను. ఎంత మెత్తగా చెప్పాలని అనుకున్నానో అంత తొందరగా, నోట్లోంచి రాళ్ళు పడ్డట్టు చెప్పాను. మెషిన్ కూసింది, నీకు వినబడలేదన్నాను. సన్న స్వరాలు నీ చెవికి రావడం లేదేమో, ఒకసారి ఆస్పత్రికి రా, నేనే చూస్తానన్నాను.

అన్న నల్ల మార్కర్‌కు మూత పెట్టాడు.

"అంటె ఇన్నొద్దులు నేను జెప్పిందంత చెవిటోని ముచ్చటనా?"

కాదన్నాను. ఆయన కోపంగా కూడా లేడు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. బస్సుకు టైమ్ అయితుంది పో చెల్లె అని మెషిన్ వైపు తిరిగాడు. నేను నిజామాబాద్ చేరేసరికి మా వాట్సాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి వారాలు నేను ఆటో ఎక్కడం మానేశాను. కూర్చోలేక. ఖలీల్‌వాడి నుంచి గాంధీచౌక్ దాకా, అక్కడి నుంచి ఇంటికి, దుకాణాల మధ్య, బండ్ల మధ్య నడిచేదాన్ని. ఉరుకుడాయనను పెడితే వేగం చిరాకు పుట్టించేది, ఎవరినో వదిలేసి పారిపోతున్నట్టు. బరువాయనను పెడితే ఆ నెమ్మది ఓపలేక పాట మధ్యలోనే మార్చేదాన్ని. ఏ పాటా చివరిదాకా వినలేదు. ఒక సాయంత్రం పని అయ్యాక, నాతో పనిచేసే ఆమెను బయట కూర్చోబెట్టి, నేనే ఆ గదిలోకి వెళ్ళి బటన్ పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చేయలేదు. తలుపు మూసుకోగానే నా గుండె చప్పుడే పెద్దదైంది. అయిపోయాక ఆమె గ్రాఫ్‌ను నా వైపు తిప్పి చూపించింది. సన్న స్వరాల దగ్గర చిన్న గుంట. పెద్దగా భయపడాల్సింది కాదు, కానీ ఇయర్‌ఫోన్లలో ఇట్లాగే దంచుకుంటూ పోతే పెరిగేది. అన్నకు చెప్పిన మాట నాకు ఎవరూ చెప్పకపోతే ఎట్లా ఉండేదా అని అప్పుడు అనుకున్నాను. ఆ రోజు నుంచి వాల్యూమ్ సగానికి దించాను. సగం వాల్యూమ్‌లో ఆ సంగీతం గదిలో కూర్చోమన్న పిల్లాడిలా ఉంటుంది. అయినా దించాను.

ఒక రోజు మధ్యాహ్నం నేను చీటీ మీది పేరు పిలిస్తే లోపలికి వచ్చింది అన్న. వెనక ఆయన భార్య. గ్రూపులోంచి పోయిన సంగతీ మా మాటలూ ఏవీ ఎత్తలేదు. సరిహద్దు అవతలి గిరాకీ ఒకాయన ఫోన్‌లో పేరు చెప్తే, స అన్న అక్షరాన్ని త అని విని, అట్లాగే పెద్ద బ్యానర్ మీద కొట్టించాడట. వాళ్ళు దాన్ని పందిరి దాకా తీసుకెళ్ళాక చూసుకున్నారట. ఆయన భార్య ఇది చెప్తుంటే అన్న గోడ మీది చెవి బొమ్మను చూస్తూ నిలబడ్డాడు.

అద్దం ఇవతల కూర్చున్నాను. మొదట కింది స్వరాలు వదిలాను. వింతేమంటే, వాటిల్లో ఆయన చెవి కుర్రాళ్ళ చెవి. ఉందో లేదో అన్నంత సన్నగా వదిలినా వేలు నొక్కేది. నేను తగ్గిస్తూ పోయాను, ఆయన నొక్కుతూ పోయాడు, నాకు తెలియకుండానే నవ్వు వచ్చింది. ఆ తర్వాత పైకి ఎక్కాను. వేలు ఆగిపోయింది. పెంచాను. ఆగే ఉంది. ఇంకా పెంచాను. ఆయన కళ్ళు తెరిచి, మెషిన్ ఆగిపోయిందా అన్నట్టు నా వైపు చూశాడు. నడుస్తోందని చేత్తో సైగ చేశాను. ఆయనకు అర్థమైంది. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

బయటికి వచ్చాక గ్రాఫ్ చూపించాను. గీత తిన్నగా వచ్చి వచ్చి, గుట్ట అంచు నుంచి పడ్డట్టు కిందికి జారింది. ఎన్నేండ్ల నుంచి అని అడిగాడు. చెప్పలేమన్నాను. ఫ్లెక్సీ దుకాణం పెట్టక ముందు ఆయన సౌండ్ బాక్సులు కిరాయికి తిప్పేవాడట. పెళ్ళి బరాత్‌లకు, గణేశ్ నిమజ్జనాలకు, ఏళ్ళ తరబడి హారన్ల కిందనే నిలబడి వైర్లు చూసుకునేవాడు. అందులో కొంత, వయసులో కొంత అని డాక్టర్ చెప్పి, వినికిడి మెషిన్ కొన్నాళ్ళు పెట్టుకుని చూడమన్నాడు.

మెషిన్ చెవికి అమర్చింది నేనే. ఆన్ చేయగానే అన్న తల వెనక్కి లాక్కున్నాడు. భార్య చేతికేసి చూశాడు. ఆమె గాజులు సవరించుకుంటోంది. ఫ్యాన్‌కేసి చూశాడు, తలుపుకేసి చూశాడు, బయట ఎవరో చెప్పులీడ్చుకుంటూ పోతుంటే అటు చూశాడు. ముఖంలో సంతోషం లేదు, ఎవరో తన దుకాణంలోకి చెప్పకుండా వచ్చినట్టుంది.

"నీ ఉరుకుడాయనను పెట్టు," అన్నాడు.

ఫోన్ తీసి వెతికి పెట్టాను. ఏదో జరుగుతుందని ఎదురు చూశాను. ఇన్నాళ్ళూ వినబడనిది వినబడితే ఆయన కన్నీళ్ళు పెట్టుకుంటాడనీ, చెల్లె, నువ్వే కరెక్టు అంటాడనీ ఎక్కడో అనుకుని ఉంటాను. సోలో మొదలైంది. పైకి ఎక్కింది. ఈసారి ఆయన కళ్ళు వాకిలి వైపు పోలేదు. భుజాలు ముందుకు వంచి, చివరి స్వరం ఆగేదాకా విన్నాడు. మెషిన్ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఇనవడ్డది," అన్నాడు. "సన్నగ, సూది లెక్క పోతున్నది. మస్తు వాయించిండు, కాదంటలే."

"మరి?"

"మరేమున్నది. నచ్చలే. ఇని చెప్తున్న, చెల్లె. గిప్పుడు గిది చెవిటోని ముచ్చట కాదు."

నేను నవ్వాపుకోలేకపోయాను. అన్న కూడా మీసం కింద నవ్వాడు. ఆయన భార్యకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. దీనికి నవ్వేదేముందని, ఇక మీదట మెషిన్ తీస్తే ఊరుకునేది లేదని ఇద్దరికీ కలిపి చెప్పింది. ఆ సాయంత్రం ఆయన మళ్ళీ గ్రూపులోకి వచ్చి, నాకూ తమ్మునికీ ఒకే వాక్యం రాశాడు, బ్లాక్ మెటల్ కొమ్మను మీరు తప్పు చోట గీసిండ్రు అని.

ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి. దుకాణంలో గిరాకీ వచ్చినప్పుడు అన్న మెషిన్ పెట్టుకుంటాడు. పాట వినేటప్పుడు తీసేస్తాడు. నాలో మాత్రం ఏదో కదిలి, మళ్ళీ కుదురుకోలేదు. ఇన్నాళ్ళూ వేగమే నా మనసు మాట అనుకున్నాను. ఆయన విని కూడా కాదన్నాక, అది నాకు నిజంగా ఎందుకు నచ్చిందో నన్ను నేను అడగాల్సి వచ్చింది. రోజంతా నిశ్శబ్దంలో కూర్చోవడం వల్లనా? ఏమో. జవాబు కోసం బరువాయనను మొదటిసారి చివరిదాకా విన్నాను. అప్పుడు కూడా అటూ ఇటూ నడుస్తూనే విన్నాను.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం తమ్ముడు మమ్మల్ని వర్ని పిలిచాడు. కోతలు అయిపోయి, అక్కడ అతనికి తెలిసినవాళ్ళ రైస్‌మిల్లు ఖాళీగా ఉంది. మర్నాటి పెళ్ళికని ఆర్కెస్ట్రా సౌండ్ బాక్సులు తెచ్చి ఆ రేకుల షెడ్డులో పెట్టారు. సౌండ్ చెక్ చేసుకోవాలని చెప్పి పెళ్ళివాళ్ళ దగ్గర పర్మిషన్ తీసుకున్నాడు. అసలు సంగతి మా పాటల కోసమేనని వాచ్‌మన్‌కు కూడా తెలుసు, నవ్వుతూ గేటు తీశాడు. నేనూ అన్నా బోధన్‌లో కలిసి, కాలువ వెంబడి పొలాలు చూస్తూ, బస్సులో కూడా వాదించుకుంటూనే వెళ్ళాం.

తమ్ముడు గిటారు మరలు తిప్పి తీగలు వదులు చేశాడు. బరువాయన వాయించే ముక్కల్లో ఒకదాన్ని ఎత్తుకున్నాడు. మొదటి దెబ్బకే పైన రేకులు గలగలమన్నాయి, మూలన పేరుకున్న ఊకపొట్టు లేచింది. అది చెవికి తగలలేదు నాకు. కాళ్ళలోంచి ఎక్కి, పొట్ట దగ్గర ఆగి, అక్కడే తిరిగింది. అన్న షెడ్డు ఇనుప స్తంభానికి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నేను ఒక చోట నిలబడలేక షెడ్డు చుట్టూ తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా ఆ వణుకు నాకంటే ముందే అక్కడ ఉంది.

అయిపోయాక అన్న దగ్గరికి వెళ్ళి, కాళ్ళకు తెలిసిందన్నా అని మాత్రం అన్నాను. ఆయన గొప్పలు పోలేదు. జేబులోంచి మెషిన్ తీసి చెవికి పెట్టుకుని, ఇప్పుడు చెల్లెది వాయించు అని తమ్మునికి చెప్పాడు. తమ్ముడు ఉరుకుడాయన సోలో మొదలుపెట్టి, సగం దాకా వెళ్ళి, వేళ్ళు చిక్కుపడి ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. ఉరుకుడు ఎవడన్న నేర్చుకుంటడంటివి గదన్నా, మరి నేర్చుకొమ్మను అన్నాను. అన్న నవ్వి, నువ్వు నేర్చుకో మరి అన్నాడు.

అప్పుడు తమ్ముడు గిటారు భుజాన్నుంచి తీసి నా వైపు చాపాడు.

"పట్టు అక్క. ఇన్నొద్దుల సంది మాట్లాడుతున్నవ్, ఒక్కపారన్న ముట్టినవా?"

ముట్టలేదు. ఆ మాట అతను అనేదాకా నాకు తోచనే లేదు. గిటారిస్టుల గురించి అంత రక్తం మరిగించుకున్నదాన్ని, గిటారు ఎంత బరువుంటుందో కూడా తెలియదు. పట్టీ తలలోంచి వేసుకుంటే భుజం కిందికి లాగింది. ఏది ఎక్కడ నొక్కాలో తెలియక, ఏమీ నొక్కకుండా అన్నింటికంటే లావుపాటి తీగను బొటనవేలితో మీటాను. షెడ్డంతా ఒక్కసారి మూలిగింది. భయపడి చెయ్యి తీసేశాను. మళ్ళీ మీటాను. తమ్ముడు వచ్చి నా ఎడమచేతి చూపుడు వేలిని తీగ మీద ఒక చోట పెట్టి గట్టిగా నొక్కమన్నాడు. తీగ వేలిలోకి దిగింది. రెండో స్వరం వచ్చింది, గరగరగా, సగం చచ్చినట్టు. అన్న తల ఊపి, ఇంకా గట్టిగా నొక్కమన్నాడు.

ఎండ తగ్గుతోంది. కరెంటు బిల్లు ఓనర్ అడుగుతాడని, ఇక స్విచ్ కట్టేస్తానని వాచ్‌మన్ బోర్డు దగ్గరికి వెళ్ళాడు. జర ఆగు కాకా అన్నాను, మూడో స్వరం కోసం తీగ మీద వేలు జరుపుతూ.